నెవాడా, యూటా మట్టి రోడ్ల మీద హిమాలయన్‌తో 11 రోజులు

ముందే చెప్పేస్తున్నా, ఇందులో లాస్ వేగాస్ లేదు, గ్రాండ్ కాన్యన్ లేదు. నెవాడాలోని ఫాలన్ నుంచి యూటా దక్షిణపు అంచున ఉన్న మెక్సికన్ హ్యాట్ దాకా, వీలైన చోటల్లా పెద్ద హైవేలు వదిలేసి, సెప్టెంబర్ చివర్లో ఒక్కడినే వెళ్ళాను. 11 పగళ్ళు, 10 రాత్రులు, 1,100 మైళ్ళకి కాస్త అటూ ఇటూ. ఫ్రీవే మీదైతే రెండు రోజుల పని. మూడు రాత్రులు టెంట్‌లో పడుకున్నాను, మిగతా ఏడు మోటెళ్ళలో. ఫొటోలు చూసి ఎంత బాగుందో అన్నవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, అక్కడ ఒక ఊరు మంచిదా కాదా అన్నది నాకు కొండల్ని చూసి తేలలేదు. పెట్రోల్ ఉందా, నీళ్ళున్నాయా, రాత్రికి తలుపున్న గది ఉందా, ముందున్న మట్టి రోడ్డు నిన్న ఎలా ఉందో చెప్పగలిగే మనిషి ఒకరైనా ఉన్నారా, ఈ నాలుగే నా లెక్క.

బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411. ట్యాంకు 15 లీటర్లు, శక్తి 24 హార్స్‌పవర్ చిల్లర. ఇక్కడివాళ్ళు వేసుకొచ్చే పెద్ద పెద్ద అడ్వెంచర్ బైకుల పక్కన పెడితే ఏనుగుల మధ్య గాడిదలా ఉంటుంది. గంటకి 70 మైళ్ళ లిమిట్ ఉన్న రోడ్డు మీద ఎదురుగాలి కొడితే నాలుగో గేరులోకి దిగి, వెనకొచ్చే ట్రక్కులకి దారిచ్చి, తల వంచుకుని పోవడమే. కానీ మట్టి మీద ఎవరైనా మామూలుగా 30, 35 మించి వెళ్ళరు, అక్కడ ఇది రాజా. పడితే సామాన్లు దించి ఒక్కడినే లేపుకోగలను కూడా, ఒంటరిగా వెళ్ళేవాడికి అన్నిటికన్నా అదే ముఖ్యం. తలనొప్పి ఒకటే, టైర్లలో ట్యూబులుంటాయి. ముందు చక్రం 21 అంగుళాలు, వెనకది 17, కాబట్టి రెండు రకాల ట్యూబులూ మోయాలి. వాటితో పాటు టైరు విప్పే లివర్లు, చిన్న ఎయిర్ కంప్రెసర్, 5 లీటర్ల నీళ్ళు, వెనక ఎర్ర డబ్బాలో ఒక గ్యాలన్ పెట్రోల్, ఫోన్ సిగ్నల్ ఉండదు కాబట్టి శాటిలైట్ ద్వారా మెసేజ్ పంపే చిన్న పరికరం.

రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ప్లాన్ కూడా ఉంది. బయల్దేరే ముందు అనుమానం వచ్చి ఫోన్ చేసి అడిగితే, తారు రోడ్డు దిగాక బండి ఆగిపోతే మేం రాము అన్నారు, చాలా మర్యాదగా. ఏళ్ళ తరబడి కడుతున్నా ఆ లైను నేనెప్పుడూ చదవలేదు. మీకూ అలాంటిదేదైనా ఉంటే ఇప్పుడే తీసి చదవండి.

ఫాలన్ నుంచి తూర్పుకి వెళ్ళేది యూఎస్ 50. లైఫ్ పత్రిక 1986లో దీన్ని అమెరికాలో అతి ఒంటరి రోడ్డు అని, ధైర్యం లేనివాళ్ళు పోవద్దన్నట్టు రాసింది. నెవాడా వాళ్ళు చిన్నబుచ్చుకోకుండా ఆ పేరునే బోర్డులెక్కించి, ఊరూరా స్టాంపు వేసే పుస్తకం పెట్టి టూరిజంగా మార్చుకున్నారు. నిజం చెప్పాలంటే ఇప్పుడది అంత ఒంటరి కాదు, నాకు పది నిమిషాలకో బండి ఎదురైంది. ఒంటరితనం కావాలంటే మిడిల్‌గేట్ దాటాక కుడివైపు విడిపోయే 722 నంబరు రోడ్డు పట్టుకోండి. పాత యూఎస్ 50 అదే, క్యారల్ సమ్మిట్ దగ్గర 7,452 అడుగుల ఎత్తుకి ఎక్కి దిగుతుంది. అంతా తారే, కానీ 60 మైళ్ళలో నాకు ఎదురైన వాహనాలు రెండే. మిడిల్‌గేట్ అంటే ఊరు అనుకోకండి, ఒక పాత బార్, పైకప్పు నిండా అంటించిన డాలర్ నోట్లు, బయట పంపు, అంతే. పెట్రోల్ ఖరీదెక్కువ, అయినా పోయించుకున్నా. మాంసం తినని వాళ్ళకి అక్కడే కాదు, ఈ దారి పొడవునా చీజ్ శాండ్‌విచ్, ఫ్రెంచ్ ఫ్రైసే గతి, బ్యాగులో ఏదో ఒకటి ఉంచుకోండి.

ఆస్టిన్ ఒకప్పుడు వెండి గనులతో కిటకిటలాడిన ఊరు. ఇప్పుడు రెండొందల మంది కూడా లేరు. మెయిన్ రోడ్డే కొండ మీదకి ఎక్కుతుంటుంది, దాని రెండు పక్కలా పాత ఇటుక కట్టడాలు. మోటెల్ గది చిన్నది, పరుపు మధ్యలో గుంట, కానీ శుభ్రంగా ఉంది, వేడినీళ్ళు ఆగకుండా వచ్చాయి. రాత్రి ఎనిమిది దాటితే తినడానికేమీ దొరకదు, నేను ఎనిమిదీ పదికి వెళ్ళాను. పెట్రోల్ ఉంది, మూడో రోజు చూడబోయే మానిటర్ వ్యాలీ గురించి కౌంటర్ వెనక పెద్దావిడ కాగితం మీద గీసి చూపించింది. నా నాలుగింటిలో నాలుగూ ఉన్నట్టే, తిండి సంగతి వేరే.

స్పెన్సర్ హాట్ స్ప్రింగ్స్ ఆస్టిన్‌కి ఆగ్నేయంగా 20 మైళ్ళ దూరంలో ఉంది. చివరి కొన్ని మైళ్ళు కంకర. భూమిలోంచి వచ్చే వేడినీళ్ళని గొట్టాలతో పశువుల తొట్టెల్లోకి మళ్ళించారు, మనం దిగి కూర్చోవడమే. టికెట్ లేదు, గేటు లేదు. బీఎల్ఎం అనే కేంద్ర ప్రభుత్వ భూ నిర్వహణ శాఖ భూముల్లో మామూలుగా 14 రోజుల వరకు ఎవరైనా ఉచితంగా టెంట్ వేసుకోవచ్చు. తాగే నీళ్ళు, టాయిలెట్ ఆశించొద్దు. తొట్టెలో దిగే ముందు చెయ్యి పెట్టి చూడండి, ఒకదాంట్లో నేను పాదం పెట్టి కెవ్వుమన్నాను. టెంట్ వేశాక సాయంత్రం కొండ దారిలో టోకిమా గుహ దాకా వెళ్ళొచ్చాను. గుహ గోడ మీద ఎరుపు, తెలుపు, పసుపు రంగుల గీతలు, వలయాలు. పశ్చిమ షోషోనీ అనే స్థానిక తెగవాళ్ళకి అది పవిత్రమైన చోటు, ముందు కంచె ఉంది, బయట నుంచే చూడాలి. ఆ రాత్రి తొట్టెలో మెడ దాకా వేడినీళ్ళు, పైన చలి, దూరంగా అడవి గాడిదలు ఓండ్రపెట్టడం. నా బండికి చుట్టాలు పలకరించినట్టు అనిపించింది.

మూడో రోజు మానిటర్ వ్యాలీ. దీని గురించి కాస్త ఎక్కువ చెప్తా. ఆస్టిన్ వైపు నుంచి దక్షిణంగా బెల్మాంట్ అనే పాడుబడ్డ ఊరి దాకా, రెండు కొండల వరసల మధ్య వెడల్పాటి బల్లపరుపు లోయ, అందులో తిన్నగా ఒక మట్టి రోడ్డు. మధ్యలో తెల్లటి దిబ్బ లాంటిది కనిపిస్తుంది, దాని నెత్తిన గొయ్యిలో వేడినీటి మడుగు ఉంది, డయానాస్ పంచ్ బౌల్ అంటారు. ప్రైవేటు భూమి కాబట్టి నేను రోడ్డు మీంచే చూసి వెళ్ళిపోయాను. రోడ్డు కొన్నిచోట్ల నున్నగా ఉంది, కొన్నిచోట్ల రేకుల షెడ్డు కప్పు మీద నడిపినట్టు దడదడా అడ్డగీతలు, పళ్ళు కొట్టుకుంటాయి. అక్కడ మెల్లగా పోతే ఇంకా అధ్వాన్నం, 40 దాకా లాగితే చక్రాలు గీతల శిఖరాల మీద తేలిపోతూ కాస్త నయం. కానీ ఆ వేగంలో రాయి కనిపించేసరికి ఆలస్యమైపోతుంది. నాకదే అయింది, వెనక చక్రం.

అడుగున ఒక చదును రాయి పెట్టి, బండిని సెంటర్ స్టాండ్ మీద నిలబెట్టి, చక్రం విప్పడం పదిహేను నిమిషాలు. టైరు అంచు రిమ్ము నుంచి ఊడదీయడం నలభై నిమిషాలు. ఇంట్లో రెండుసార్లు ప్రాక్టీస్ చేశాను, కానీ అక్కడ నీడ ఉంది, కుర్చీ ఉంది. కొత్త ట్యూబు వేసి గాలి కొడుతుంటే అది కూడా పోయింది, నా లివర్ చివర నొక్కుకుని చిన్న చీలిక. అప్పుడు వచ్చింది టెన్షన్. రెండు గంటలైంది, ఒక్క బండి రాలేదు. నీళ్ళు మూడు లీటర్లున్నాయి, ముందు అవి లెక్కపెట్టాను. తర్వాత పాత ట్యూబుకి ప్యాచ్ వేద్దామని గ్లూ తీస్తే అదీ సగం ఎండిపోయి ఉంది, ఏ సంవత్సరం కొన్నానో గుర్తు లేదు.

ప్యాచ్ ఆరుతుండగా ఒక పికప్ ట్రక్కు వచ్చింది. వెనక గడ్డి మోపులు, ఒక కుక్క. అరవై దాటిన మనిషి దిగి, ఏమైంది అని కూడా అడగకుండా వచ్చి మోకాళ్ళతో టైరుని తొక్కిపట్టి, అంచుని రిమ్ము మధ్య పల్లంలోకి నెట్టి, "ఇప్పుడు అటు వైపు ఎత్తు" అన్నాడు. లివర్‌తో పెద్ద పనే పడలేదు. అప్పటిదాకా నేను బలం పెట్టింది పల్లంలోకి నెట్టకుండా, అంతే తేడా. వెళ్తూ ఒక సీసా చల్లటి నీళ్ళిచ్చి, ఇక్కడ నుంచి బెల్మాంట్ దాకా ఫలానా రెండు చోట్ల ఇసుక ఉంది, బ్రేక్ పట్టకు అని చెప్పాడు. సరిగ్గా ఆ రెండు చోట్లే ఉంది.

బెల్మాంట్‌లో 1876లో కట్టిన కోర్టు భవనం ఇంకా నిలబడి ఉంది, చుట్టూ ఇటుక మొండిగోడలు. ప్యాచ్ మీద నమ్మకం లేక పావుగంట కూడా ఆగలేదు, అదొక్కటే ఈ ట్రిప్‌లో బాధ.

టోనోపాలో చేరేసరికి చీకటి. ఆన్‌లైన్‌లో బుక్ చేసుకున్న మోటెల్‌కి వెళ్తే, మీరు రాలేదు కదా అని గది వేటగాళ్ళకి ఇచ్చేశామన్నారు. ఇది వినండి, శరదృతువులో ఇక్కడ వేట సీజన్, చిన్న ఊళ్ళలో గదులన్నీ వాళ్ళతో నిండిపోతాయి. బుక్ చేశాక ఒకసారి ఫోన్ చేసి, రాత్రి ఆలస్యంగా వస్తానని నోటితో చెప్తేనే అది బుకింగ్. డబ్బు వెనక్కి రావడానికి మూడు వారాలు పట్టింది. ఊళ్ళో పాత స్మశానం పక్కనే క్లౌన్ మోటెల్ అని ఉంది, నిండా జోకర్ బొమ్మలు. ఆ రోజు అంతా అయ్యాక జోకర్ల మధ్య పడుకునే ఓపిక లేక, 1907లో తెరిచిన మిజ్‌పా హోటల్‌కి వెళ్ళి, అనుకున్నదానికి రెట్టింపు పెట్టి గది తీసుకున్నా. పాతకాలపు లిఫ్టు, బరువైన కర్టెన్లు, మంచి పరుపు. ఒక్క పైసా బాధనిపించలేదు. పొద్దున ఊళ్ళోని టైరు షాపులో ప్యాచ్ వేసిన ట్యూబుని ఇంకోసారి చెక్ చేయించుకుని, అక్కడే కొత్త గ్లూ కొన్నా. 17 అంగుళాల ట్యూబు మాత్రం దొరకలేదు.

టోనోపా నుంచి ఈలీకి యూఎస్ 6. ఊరు దాటగానే బోర్డు, తర్వాతి పెట్రోల్ 160 మైళ్ళకి పైనే అని. మధ్యలో మ్యాపులో వామ్ స్ప్రింగ్స్, కరంట్ అని పేర్లు కనిపిస్తాయి, వాటిని నమ్ముకోకండి, మూతపడ్డ గోడలే. ఇదంతా కంచెల్లేని మేత భూమి, ఆవు రోడ్డు మీదకొస్తే నెవాడాలో దాని యజమానిది తప్పు కాదు. నల్ల ఆవులు చీకట్లో అసలు కనిపించవు, అందుకే పొద్దు గూకాక నడపొద్దని నియమం పెట్టుకున్నా. సగం దారిలో కంకర రోడ్డు దిగితే లూనార్ క్రేటర్, అగ్నిపర్వతపు పేలుడుతో ఏర్పడిన 400 అడుగులకి పైగా లోతున్న గొయ్యి. గొయ్యి అంచున అద్దె కారులో ఒక జంట నిలబడి ఉన్నారు, మ్యాపులో పేర్లు చూసి ముందుకొచ్చేశారట, ఇంధనం లైటు వెలిగి అప్పటికే ఇరవై మైళ్ళు. నా ఎర్ర డబ్బా మొత్తం వాళ్ళ ట్యాంకులో పోశాను. డబ్బులిస్తామన్నారు, వద్దన్నా, ఆపిల్ పళ్ళ సంచి ఇచ్చారు. ఆ తర్వాత ఈలీ దాకా పక్కగాలికి బండి మైలేజీ పడిపోతుంటే నా కళ్ళు మాత్రం మీటర్ ముల్లు మీదే.

ఈలీలో 1929 నాటి హోటల్ నెవాడా. కింద జూదం మిషన్ల మోత, పైన గది నిశ్శబ్దం. ధరకి తగ్గ విలువ అంటే ఈ ట్రిప్ మొత్తంలో ఇదే. పాత స్టీమ్ ఇంజన్ల రైల్వే మ్యూజియం ఉంది, రైళ్ళంటే ఇష్టముంటే ఒక పూట కేటాయించండి.

గ్రేట్ బేసిన్ నేషనల్ పార్క్ గురించి అందరూ ఆకాశం చూడ్డానికి వెళ్ళమంటారు, నిజమే, పాలపుంత కింద నీడ పడుతుందేమో అన్నంత. కానీ నన్ను పట్టి నిలిపింది బ్రిసిల్‌కోన్ పైన్ చెట్లు. వీలర్ పీక్ పైకి 12 మైళ్ళ తారు రోడ్డు, 10,000 అడుగుల దాకా, అక్కడ నుంచి నడక. సగం చచ్చి, ఒక పక్క బెరడు చీలికతోనే బతుకుతున్న చెట్లు. ఇదే కొండ మీద 1964లో ఒక పరిశోధక విద్యార్థి, ఫారెస్ట్ సర్వీసు అనుమతితోనే, ఒక చెట్టుని నరికించి ఏడాదికొకటి పడే వలయాలు లెక్కపెడితే 4,862 తేలాయి. అప్పటికది పార్కు కాదు, 1986లో అయింది. క్యాంప్‌గ్రౌండ్ శుభ్రం, సీజన్‌లో కుళాయి నీళ్ళుంటాయి. రాత్రి చలికి పొద్దున టెంట్ మీద మంచు పొర, బండి స్టార్టవ్వడానికి మూడు ప్రయత్నాలు.

బేకర్ ఊరు దాటగానే యూటా, దానితో గడియారం గంట ముందుకి. ఇది తెలుసు, అయినా మర్చిపోయా. అక్కడ నుంచి మిల్ఫర్డ్ దాకా 80 మైళ్ళు ఏమీ లేవు, దారిలో ఫ్రిస్కో అనే చచ్చిన ఊరి దగ్గర తేనెపట్టు ఆకారంలో రాళ్ళతో కట్టిన కట్టెబొగ్గు బట్టీలు చూస్తూ నిలబడిపోయి, మిల్ఫర్డ్ చేరేసరికి అన్నీ కట్టేశారు. ఆపిల్ పళ్ళు ఆ రాత్రి భోజనం. గదిలో హీటర్ శబ్దమే తప్ప వేడి లేదు, కంప్లయింట్ చేద్దామంటే రిసెప్షన్‌లో మనిషి లేడు, గోడ మీద ఫోన్ నంబరు ఉంది, ఎవరూ ఎత్తలేదు. 85 డాలర్లు.

బీవర్ నుంచి కొండలెక్కి జంక్షన్‌కి దిగే 153లో అవతలి వైపు దిగుడు మట్టి, పొడిగా ఉంటే హాయి. తర్వాత యాంటిమోనీ, జాన్స్ వ్యాలీ, హైవే 12. పన్నెండు గురించి రాయని వాళ్ళు లేరు కాబట్టి వదిలేస్తున్నా, ఎస్కలాంటే ఊరు దాటాక రోడ్డు రెండు పక్కలా లోయ ఉన్న రాతి వెన్ను మీద పోతుంది, అక్కడ గాలి ఉంటే ఫొటోల కోసం ఆగకండి.

బౌల్డర్‌లో ఆ రాత్రి వాన. మర్నాడు బర్ ట్రెయిల్ అనే రోడ్డు ప్లాన్. కౌంటర్ దగ్గర అమ్మాయి, తారు అయిపోయే దాకా వెళ్ళండి, దాటొద్దు, రేపు ఎండొస్తే ఎల్లుండి పర్లేదు అంది. ఆకాశం నీలంగా ఉంది, ఎండ కాస్తోంది, ఇదేం చాదస్తం అనుకుంటూ వెళ్ళాను. లాంగ్ కాన్యన్ ఎర్రగోడల మధ్య తారు రోడ్డు, 30 మైళ్ళు, హాయిగా. తారు ఆగిన చోట బండి ఆపి పది అడుగులు నడిచాను. ఒక్కో అడుగుకీ బూటు కింద పళ్ళెమంత మట్టి. ఇక్కడి బంకమన్ను బెంటోనైట్, మన నల్లరేగడిలో తడిస్తే ఉబ్బే ఖనిజమే దీన్లోనూ ఉంది. ఎడ్లబండి చక్రం రేగడిలో దిగితే ఏమవుతుందో చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ముందు మడ్‌గార్డుకీ చక్రానికీ మధ్య మట్టి పట్టేస్తే బండి నిలబడ్డ చోటే పాతుకుపోతుంది. వెనక్కి తిరిగాను. నాతో పాటు ఇంకొకరుంటే "కొంచెం దూరం పోయి చూద్దాం" అని ఖచ్చితంగా అనేవాళ్ళం. బౌల్డర్‌లో రెండో రాత్రికి గది దొరకడం అదృష్టం, ఖరీదు మాత్రం అదృష్టం కాదు.

ఎల్లుండి అదే రోడ్డు, ఎండిన మట్టి మీద దుమ్ము లేస్తోంది. కొండ అంచు నుంచి పాము మెలికల్లా దిగే మలుపులు, కింద నాటమ్ రోడ్డు పట్టుకుని ఉత్తరంగా హైవే 24 దాకా. బౌల్డర్ నుంచి 70 మైళ్ళు, నాలుగు గంటలు, నాకు ఈ ట్రిప్‌లో అన్నిటికన్నా నచ్చిన నాలుగు గంటలు. హ్యాంక్స్‌విల్‌లో కొండరాయిని తొలిచి లోపల కొట్టు పెట్టిన పెట్రోల్ బంకు ఉంది. ట్యాంకు, ఎర్ర డబ్బా రెండూ నింపాను. పంపు మీద 85 ఆక్టేన్ అనే తక్కువ రకం పెట్రోల్ కనిపిస్తుంది, ఎత్తు ప్రాంతాల్లో అమ్ముతారు, నేను పై రకమే పోయించా.

అక్కడ నుంచి మెక్సికన్ హ్యాట్ దాకా సుమారు 130 మైళ్ళు పెట్రోల్ లేదు. హైట్ అనే చోట కొలరాడో నది మీద వంతెన, పక్కనే ఒకప్పుడు పడవలు దింపిన ర్యాంపు, ఇప్పుడు దాని కింద నీళ్ళు కాదు, పొదలు. చివర్లో 261 మీద మోకీ డగ్‌వే, 1950లలో యురేనియం ఖనిజం లారీల కోసం కొండకి చెక్కిన మూడు మైళ్ళ కంకర దిగుడు, వెయ్యి అడుగులకి పైనే. నేను అంచుకి చేరేసరికి సూర్యుడు ఒక బెత్తెడు మిగిలున్నాడు. కింద మోటెల్ దీపాలు కనిపిస్తున్నాయి, దిగితే అరగంట. ఒక లీటరు నీళ్ళు, ఒక ఆపిల్. మలుపుల్లో వదులు కంకర, నా హెడ్‌లైటు మలుపు తిరిగాక గానీ దారి చూపించదు. మళ్ళీ వెనక్కే. పైన మ్యూలీ పాయింట్ వైపు మట్టి దారిలో రాళ్ళ మధ్య టెంట్ వేశాను. గాలికి రాత్రంతా గుడ్డ కొట్టుకుంటూనే ఉంది.

పొద్దున మొదటి గేరులో, బ్రేకు వేలు ఆనించి మాత్రమే, ఇరవై నిమిషాల్లో దిగిపోయాను. ఊళ్ళో పంపు దగ్గర కార్డు పెడితే క్యాషియర్‌ని కలవండి అని వచ్చింది, క్యాషియర్ ఎనిమిదికి వస్తారని తలుపు మీద కాగితం. అప్పటికి ఆరున్నర. ఎర్ర డబ్బా మూత తీసి ట్యాంకులో పోసుకున్నాను.